పేరు ముందు మూడు బిరుదులు, చేతిలో లేని లైసెన్సు

మా పెద్దమ్మ కొడుకు ఆ మధ్య కూతురి పెళ్ళి చేశాడు. అల్లుడికి డల్లాస్‌లో ఉద్యోగం. పెళ్ళయిన కొద్దిరోజులకే అబ్బాయి తిరిగి వెళ్ళిపోయాడు, అమ్మాయి వీసా కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మ్యారేజ్ సర్టిఫికెట్‌ను అందరం శ్రద్ధగా చూసింది అప్పుడే. మందపాటి కాగితం, చుట్టూ బంగారు రంగు అంచు, కింద ఊదారంగు సీలు. పెళ్ళి చేసిన ఆయన పేరు ముందు "బిషప్ రెవ. డా." అని ఉంది, పేరు తర్వాత ఇంగ్లీషు అక్షరాల డిగ్రీలు రెండు వరసలు. లైసెన్సు నంబరు మాత్రం ఎక్కడా లేదు. అన్నయ్య ఫోన్ చేసి అడిగితే, "మాది ఇండిపెండెంట్ మినిస్ట్రీ అండీ. నన్ను పిలిచింది దేవుడు, మనుషుల లైసెన్సుతో పనేముంది?" అన్నారట ఆయన.

పని ఉంది. క్రైస్తవ వివాహం ఎవరు జరిపించవచ్చో 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ 5వ సెక్షన్ చెబుతుంది. బిషప్ చేత అభిషేకం (పాస్టరుగా నియామకం) పొందినవాళ్ళు తమ సంఘ (చర్చి) నియమాల ప్రకారం చేయవచ్చు. అలాంటి వ్యవస్థ లేని సంఘాల పాస్టర్లయితే 6వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అధికారం లేకుండా పెళ్ళి జరిపిస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ళ వరకు జైలు పడవచ్చు. ఈయనను బిషప్‌ను చేసిన బిషప్ ఎవరో ఎవరికీ తెలియదు. చివరికి ఆ దంపతులు స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని, 30 రోజుల నోటీసు గడువు ఆగి, అబ్బాయి సెలవు పెట్టి వచ్చి సంతకం చేస్తేనే పని తెమిలింది. ఆ టెన్షన్‌లో మా వదినకు బీపీ మొదలైంది.

ఆ చట్టంలో నన్ను ఆపిన మాట 6వ సెక్షన్‌లోనే ఉంది. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వమే దాన్ని రద్దు కూడా చేయవచ్చు. బిరుదుల సంగతిలో నేను చాలా రోజులుగా తడుముకుంటున్నది ఆ మాటతో నాకు తేటపడింది. పాస్టర్లకు, ఫాదర్లకు, బిషపులకు బిరుదులు ఉండడంలో తప్పేమీ లేదు. ఇచ్చినవాళ్ళెవరో తెలియని బిరుదు, తప్పు జరిగినప్పుడు వెనక్కి తీసుకునేవాళ్ళు లేని బిరుదు మాత్రం సంఘానికి ప్రమాదం. అంత సూటిగా చెప్పగలుగుతున్నా గాని, ఈ మాట దగ్గరికి నేను తేలిగ్గా రాలేదు.

మా అయ్యగారండి

మా తాతయ్య పల్నాడులో లూథరన్ (ఒక ప్రొటెస్టెంటు శాఖ) ఉపదేశి. అభిషేకం పొందిన రెవరెండ్ కాదు. వారమంతా పిల్లలకు అక్షరాలు నేర్పడం, ఆదివారం ప్రార్థన నడపడం, ఎవరైనా పోతే మట్టి కార్యక్రమం చేయడం ఆయన పని. పాస్టరుగారు నెలకోసారి వచ్చి ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన) ఇచ్చి వెళ్ళేవారు. ఆ మిగతా రోజుల్లో మా పల్లెకు తాతయ్యే దిక్కు. జీతం నామమాత్రం, సంఘం కొలిచి ఇచ్చే గింజలతో ఇల్లు గడిచేది. పల్లెలో పసిపిల్లలనుంచి ముసలివాళ్ళదాకా ఆయన్ని "అయ్యగారు" అనేవాళ్ళు. అదే మనిషి ఊళ్ళోకి వెళితే, వయసులో సగం లేని కుర్రాడు కూడా "ఏరా" అని పిలిచేవాడు.

మా నాన్న చెప్పిన సంగతి ఒకటుంది. తాతయ్య ఒకరోజు ఏదో కాగితం మీద సంతకం కోసం ఊళ్ళో మోతుబరి ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. పల్లెనుంచి ఒక పిల్లవాడు పరుగున వచ్చి, "అయ్యగారూ, మా నానమ్మకు బాగోలేదంట, ప్రార్థన చెయ్యడానికి తొందరగా రావాలంట" అన్నాడు. అరుగు మీద కూర్చున్న మోతుబరి చుట్టూ చూసి, "ఏ అయ్యగారురా?" అన్నాడు. ఆ ఊళ్ళో అయ్యగారంటే గుడి పూజారిగారే. పిల్లవాడు తాతయ్య పంచె పట్టుకుని, "మా అయ్యగారండి" అన్నాడు. మోతుబరి ఏమీ మాట్లాడలేదట. సంతకం పెట్టి పంపించాడు. ఆ తర్వాత "ఏరా" అనడం మానాడా అంటే, మానలేదు. అయినా మా నాన్న ఆ కథ చెప్పేటప్పుడల్లా "మా అయ్యగారండి" అన్న చోట గొంతు కాస్త పెంచేవాడు.

అందుకే, బిరుదులన్నీ తీసి పారేయాలి, అందరూ బ్రదర్సే అని వాదించే మిత్రులతో నేను పూర్తిగా కలవలేను. పుట్టుకతోనే మర్యాద దక్కినవాళ్ళకు మర్యాద వదులుకోవడం తేలిక. తరతరాలుగా పేరుకు చివర "గారు" ఎరగని ఇళ్ళలోంచి వచ్చిన మనిషికి పదిమంది ఇచ్చిన ఆ ఒక్క పిలుపు ఎంత పెద్దదో, దాన్ని పోగొట్టుకోమని చెప్పేముందు ఆలోచించాలి.

పెద్ద పీఠాల దగ్గరా ఇదే కథ. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే భారతీయ పాస్టరు, తెల్ల మిషనరీలు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు గాని మాకు కావలసింది స్నేహితులు అని నిలదీసినట్టు చెప్పారు. రెండేళ్ళకు, 1912 డిసెంబర్ 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని దోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి శాఖ) సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. మిషనరీని దొరగారూ అని పిలవడానికి అలవాటు పడిన మన పల్లెల్లో, నల్లటి మనిషి పేరు ముందు బిషప్ అన్న మాట నిలబడింది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీగారు కార్డినల్ (క్యాథలిక్కుల్లో పోప్ తర్వాతి స్థానం) అయ్యారు. ఆ స్థానానికి వెళ్ళిన మొదటి తెలుగువారు, మొదటి దళితుడు ఆయనే. ఆ రోజు నేను క్యాథలిక్కును కాకపోయినా ఫోన్‌లో ఆ ప్రత్యక్ష ప్రసారం చివరిదాకా చూశాను. ఇలాంటి చోట బిరుదు ఆడంబరం అని ఎవరన్నా అంటే నాకు కోపం వస్తుంది.

మీరందరు సహోదరులు

అయితే మత్తయి సువార్త 23వ అధ్యాయాన్ని దాటవేసి ఈ సంగతి మాట్లాడడం కుదరదు. బోధకులని పిలిపించుకోవద్దు, భూమి మీద ఎవరినీ తండ్రి అని పిలవద్దు, మీరందరు సహోదరులు అని ప్రభువు చెప్పిన మాటలు చాలా సూటిగా ఉన్నాయి. అదే చోట ఆయన విందుల్లో అగ్రస్థానాలు, సంత వీధుల్లో నమస్కారాలు కోరేవాళ్ళ గురించి మాట్లాడుతున్నాడు. దీనికి జవాబుగా కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తీస్తారు మనవాళ్ళు. ఉపదేశకులు పదివేలమంది ఉన్నా తండ్రులు అనేకులు లేరని, సువార్త ద్వారా తానే మిమ్మల్ని కన్నానని పౌలు అక్కడ అంటాడు. రెండూ వాక్యాలే. రెండింటినీ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది, తండ్రిలా ఉండడాన్ని ప్రభువు కాదనలేదు, తండ్రి అనిపించుకోవడానికి పాకులాడడాన్ని కాదన్నాడు.

మన దగ్గరే చూడండి. 1842 జూలై 31న గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడెరిక్ హయ్యర్ లూథరన్. ఫాదర్ అన్న పిలుపును క్యాథలిక్ పద్ధతిగా చూసే సంఘంలోంచి వచ్చినవాడు. అయినా ఆంధ్ర లూథరన్లకు ఆయన ఈనాటికీ ఫాదర్ హయ్యరే. అలాగే బైబిల్ మిషన్ వాళ్ళకు ముంగమూరి దేవదాసుగారు దేవదాసు అయ్యగారు. ఇలాంటి పిలుపులు ప్రజల నోట పుట్టి నిలబడిపోయినవి.

పోనీ బిరుదులన్నీ తీసేస్తే సరిపోతుందా? హైదరాబాద్ హెబ్రోనులో భక్తసింగ్‌గారి సహవాసం ఆ ప్రయత్నం నిజాయితీగా చేసింది. రెవరెండ్ లేదు, బిషప్ లేదు, 2000 సంవత్సరంలో కన్నుమూసేదాకా ఆయన బ్రదర్ భక్తసింగే. ఆ పద్ధతంటే నాకు గౌరవం. కానీ ఒకసారి అదే బాటలో నడిచే ఒక చిన్న సంఘానికి ప్రేమవిందుకు వెళ్ళాను. విస్తళ్ళు వేశారు, పిల్లలు ఆకలికి నకనకలాడుతున్నారు, వడ్డన మాత్రం మొదలు కాలేదు. ఏమిటని అడిగితే, "బ్రదర్‌గారు రావాలి" అన్నారు. ఆయన వచ్చేసరికి రెండు దాటింది. కారు ఆగగానే అందరూ లేచారు. బ్రదర్ అన్న పేరు ఉన్నంత మాత్రాన అందరూ సహోదరులు కాలేదు.

ఇది మన జబ్బు మాత్రమే కాదు. 595లో కాన్‌స్టాంటినోపుల్ పాత్రియార్కు (ప్రధాన బిషప్) జాన్ తనను సార్వత్రిక పాత్రియార్కు అని చెప్పుకోవడాన్ని రోము బిషప్, అంటే పోప్, గ్రెగరీ గట్టిగా వ్యతిరేకించాడు. దేవుని సేవకులకు సేవకుడు అని తన ఉత్తరాల్లో రాసుకున్నాడు. ఎంత మంచి మాట! తర్వాత అదే పోపుల అధికారిక బిరుదుల్లో చేరి ఇప్పటికీ ఉంది. 1965 నవంబర్ 16న, రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ క్యాథలిక్ బిషపుల సభ) ముగింపు రోజుల్లో, నలభైమంది దాకా బిషపులు రోములోని డొమిటిల్లా భూగర్భ సమాధుల్లో కలిసి ఒక ఒడంబడిక చేసుకున్నారు. ఎమినెన్స్, ఎక్సలెన్సీ, మోన్సిన్యోర్ లాంటి పేర్లు మాకొద్దు, ఫాదర్ అంటే చాలు అని అందులో ఒక వాగ్దానం. 2014లో పోప్ ఫ్రాన్సిస్ డయోసిస్‌లలో (ఒక్కో బిషప్ కింది ప్రాంతాల్లో) పనిచేసే గురువులకు 65 ఏళ్ళు దాటితే గాని మోన్సిన్యోర్ బిరుదు ఇవ్వకూడదని నియమం పెట్టారు. పైనుంచి తగ్గించడం సాధ్యమేనని వీటివల్ల తెలుస్తోంది. అయితే ఆ తగ్గించగలిగిన అధికారం అక్కడ ఎవరిదో అందరికీ తెలుసు. మన కూడళ్ళలో ఫ్లెక్సీల మీద కనిపించే "అపొస్తలులు", "ప్రవక్త", "అంతర్జాతీయ బిషప్" బిరుదులను తగ్గించమని ఎవరిని అడగాలి?

డాక్టరేట్ల గురించి ఎక్కువ రాయను. డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికుందో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. శేరాంపూర్ కాలేజీకి డెన్మార్క్ రాజు 1827లోనే చార్టర్ ఇచ్చాడు, దానికి అనుబంధంగా మన హైదరాబాద్ ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో పిల్లలు ఏళ్ళ తరబడి గ్రీకు, హెబ్రీ చదివి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) తెచ్చుకుంటారు. వాళ్ళ కష్టం పక్కన, హోటల్ హాల్లో డబ్బు కట్టి కప్పుకున్న గౌనును పెట్టడం అన్యాయం.

అభిషిక్తులను ముట్టకూడదు

బిరుదు వల్ల జరిగే అసలు నష్టాన్ని నేను ఒక చర్చి కమిటీ మీటింగులో చూశాను. మాది కాదు, మా బంధువులది. స్లాబు వేయడానికి రెండేళ్ళుగా చందాలు వసూలవుతున్నాయి. గల్ఫ్‌లో పనిచేసే ఆడపిల్లలు కూడా పంపించారు. పిల్లర్లు లేచి ఆగిపోయాయి, ఇనుప చువ్వలు తుప్పు పట్టాయి. కువైట్‌నుంచి సెలవుకు వచ్చిన ఒకావిడ లేచి, "ఇప్పటిదాకా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, కాస్త చదివి వినిపించండి అయ్యగారూ" అని మెల్లగానే అడిగింది. నోట్‌బుక్ ఆయన ముందు బల్ల మీదే ఉంది. పాస్టరుగారు దాని మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు. పక్కనున్న ఒక పెద్దమనిషి లేచి, "దైవజనుణ్ణి లెక్కలడిగేంతవాళ్ళమయ్యామా? నేను అభిషేకించినవారిని ముట్టకూడదని దేవుడు చెప్పలేదా?" అన్నాడు. ఆవిడ కూర్చుంది. మీటింగు ప్రార్థనతో ముగిసింది.

ఆ మాట 105వ కీర్తనలోది. పరాయి దేశాల్లో తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కుటుంబాలకు హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం. బలవంతుల చేతిలోంచి బలహీనులను కాపాడిన వాక్యం అది. దాన్ని పనిమనిషిగా బతికి డబ్బు పంపిన ఆడమనిషి నోరు మూయించడానికి వాడారు. దావీదు అభిషిక్తుడే, రాజు కూడా. అయినా అతను తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అంతియొకయలో పేతురును పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. రోమా శతాధిపతి కొర్నేలి తన పాదాల మీద పడితే, లేచి నిలబడు, నేను కూడా మనిషినే అన్నవాడు పేతురు.

తిమోతిని పౌలు "దైవజనుడా" అని పిలిచిన మాట నిజమే. ఆ వెంటనే ధనాపేక్షనుంచి పారిపొమ్మని చెప్పాడు. ఆ పిలుపును ఫ్లెక్సీల మీద వేసుకునేవాళ్ళు ఆ రెండోమాటను కూడా పక్కన అచ్చువేయాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఇక్కడ నా వాదానికి పెద్ద అడ్డంకి ఒకటుంది. ఇచ్చేవాళ్ళూ తీసేవాళ్ళూ ఉన్న సంఘాల్లో అంతా బాగుందా? లేదు. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ప్రెస్బిటర్ (పాస్టరు) రెవరెండ్, బిషప్ రైట్ రెవరెండ్, మోడరేటర్ (అందరికీ పెద్ద బిషప్) మోస్ట్ రెవరెండ్ అని వరస ఉంది, రాజ్యాంగం ఉంది, సినడ్ (సంఘం మొత్తానికి పాలక సభ) ఉంది. అయినా పదవుల కోసం గ్రూపులు, ఆస్తుల కోసం కేసులు పేపర్లో చదువుతూనే ఉంటాం. క్యాథలిక్కుల్లో, లూథరన్లలో, బాప్టిస్టుల్లో ఎక్కడి బాధ అక్కడుంది. ఇంకా నొప్పి కలిగించేది, ఈ పెద్ద సంఘాల గేటు అందరికీ తెరుచుకోలేదు. మాల, మాదిగ పట్టింపులు అభ్యర్థుల ఎంపికలోకీ వచ్చాయి. సెమినరీ చదువు స్తోమత లేక, సిఫారసు దొరక్క, తాటాకుల పందిరి కింద సొంతంగా సంఘం పెట్టుకున్న నిజమైన కాపరులను నేను ఎరుగుదును. నీకు బిరుదు ఎవరిచ్చారని వాళ్ళను అడగడం అహంకారం కాదా అని నాలో నేనే చాలాసార్లు తర్కించుకున్నాను.

నాకు తట్టిన జవాబు సంపూర్ణం కాదు. పెద్ద సంఘాల్లో న్యాయం ఆలస్యం కావచ్చు, అసలు దొరక్కపోనూ వచ్చు, కానీ ఫిర్యాదు కాగితం పట్టుకెళ్ళడానికి ఒక గుమ్మమన్నా ఉంది. ట్రాన్స్‌ఫర్ ఉంది, రిటైర్‌మెంట్ ఉంది. క్యాథలిక్ బిషప్ 75 ఏళ్ళకు రాజీనామా పంపాలి. సొంత సంఘంలో స్థలం ఆయన పేరు మీదే, బ్యాంకు అకౌంటు ఆయన పేరు మీదే, తర్వాత "చిన్న అయ్యగారు" ఆయన కొడుకే. పందిరి కింది కాపరికి నేను చెప్పేది ఒక్కటే. డయోసిస్ అక్కర్లేదు, మండలంలో పాస్టర్స్ ఫెలోషిప్ ఉంటుంది. పదిమంది తోటి కాపరుల చేత హస్తనిక్షేపణ (తల మీద చేతులుంచి చేసే నియామక ప్రార్థన) పొంది, నా మీద ఫిర్యాదు వస్తే వీళ్ళు వింటారు అని సంఘానికి చెబితే చాలు. అలా చెప్పినవాళ్ళను నేను సంతోషంగా రెవరెండ్ అంటాను.

అమ్మగారా, పాస్టర్‌గారా?

ఆడవాళ్ళ సంగతికొస్తే బిరుదు మీద నా గౌరవం ఇంకా పెరుగుతుంది. మన సంఘాల్లో అమ్మగారంటే పాస్టరుగారి భార్య. స్త్రీల సమాజం నడిపేది, సండే స్కూలు చూసేది, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు పెట్టేది ఆవిడే. పాతకాలపు బైబిల్ ఉమన్లు కాలినడకన ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పారు, వాళ్ళ పేరు ముందు ఎవరూ ఏమీ రాయలేదు. 2013లో సీఎస్ఐ నంద్యాల డయోసిస్‌కు పుష్పలలితగారు బిషప్ అయ్యారు, ఆ సంఘ చరిత్రలో మొదటి మహిళా బిషప్. ఇన్నేళ్ళ తర్వాత కూడా అభిషేకం పొందిన ఒక యువతి మా బంధువుల ఊరికి పాస్టరుగా వస్తే, సంఘం ఆమెను "అమ్మగారూ" అంది. ఆమె భర్త హైస్కూలు లెక్కల మాస్టారు. కొందరు ఆయన్ని "పాస్టరుగారూ" అనేశారు! ఆయన ప్రతిసారీ, "నేను మాస్టారినండి, పాస్టరుగారు లోపలున్నారు" అని ఓపికగా చెప్పేవాడు. ఆమె కూడా వెనక్కి తగ్గలేదు. "అమ్మా అని ప్రేమగా పిలిస్తే సంతోషమే, కానీ బాప్తిస్మం రిజిస్టర్లో రెవరెండ్ అనే రాయండి" అంది. అది గర్వం అని గొణిగినవాళ్ళున్నారు. నాకైతే అది పనికి సంబంధించిన మాటే. ఆ ఒక్క మాట వెనక ఆమె చదువు ఉంది, బిషప్ చేతులున్నాయి, రేపు ఆమె తప్పు చేస్తే అడిగే సంఘం ఉంది.

మొన్న మా సంఘం కమిటీలో నేను ఒక ప్రతిపాదన పెట్టాను. మా వేదిక మీదికి ఎవరిని పిలిచినా ముందు ఫోన్‌లోనే రెండు సంగతులు అడగాలని. మీకు అభిషేకం ఇచ్చింది ఎవరు, మీ మీద ఫిర్యాదు ఉంటే వినేది ఎవరు. పిలిచిన ఇద్దరిలో ఒకాయన అడిగినందుకు సంతోషించి వివరాలు వాట్సాప్‌లో పంపారు. ఇంకొకాయన "నన్ను పరీక్షిస్తున్నారా?" అని ఫోన్ పెట్టేశారు. మంచి ప్రసంగీకుణ్ణి పోగొట్టుకున్నామని, అతిథిని అలా అడగడం మన పద్ధతి కాదని మా సంఘ పెద్ద ఒకాయన ఇప్పటికీ బాధపడుతున్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. అతిథి మర్యాద మనకు చిన్న సంగతేమీ కాదు. వచ్చే కూటాలకు మళ్ళీ అవే ప్రశ్నలు అడగాలని తీర్మానం రాశాం. ఆ పెద్దాయన దాని మీద సంతకం పెట్టలేదు. మినిట్స్ పుస్తకంలో ఆయన అభ్యంతరాన్ని కూడా రాయమని నేనే అడిగాను.